రెండంగుళాల వైరు ముక్క

ఎలక్ట్రిక్ కార్ల షోరూముల్లో ఫోను దగ్గర కూర్చునే పిల్లలకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఆ కార్లు కొత్తగా కొన్నవాళ్ళు చదివినా నష్టం లేదు. నేను రిటైరై రెండేళ్ళయింది. గుంటూరులో డీజిలు బళ్ళ వర్క్‌షాపుల్లో ఇరవై ఏడేళ్ళు, చివరి ఆరేళ్ళు బ్యాటరీ కార్ల సర్వీసులో పనిచేశాను. డీజిలు బండి గేటు దాటి లోపలికి వస్తుంటేనే చప్పుడు విని జబ్బు చెప్పేవాణ్ణి. ఈ కార్లకి చప్పుడే లేదు. దాంతో నా చెవులకి పని పోయి నోటికి పని పెరిగింది.

రోజంతా ఫోన్లే. వానలో ఛార్జింగు పెట్టొచ్చా అని ఒకరు. కారుకేం కాదండీ, గోడ మీది సాకెట్ తడవకుండా చూసుకోండి అనేవాణ్ణి. రోజూ నూటికి నూరూ నింపాలా అని ఇంకొకరు. రోజువారీ తిరుగుడికి ఎనభై చాలు, దూరం వెళ్ళే ముందు రోజు మాత్రం నింపుకోండి. ఏసీ వేస్తే ఛార్జింగు దిగిపోతుందని మే నెల ఎండలో చెమటలు కక్కుతూ నరసరావుపేట నుంచి వచ్చాడొకాయన. ఏసీ తినేదానికంటే మీ కుడికాలు తినేది ఎక్కువండీ, నెమ్మదిగా తొక్కండి, టైర్లలో గాలి సరిగ్గా పెట్టించండి అని చెప్పి పంపాను. కారు ఇంట్లో పెట్టి నెల రోజులు కాశీయాత్రకి వెళ్ళొచ్చిన దంపతులకి తలుపులే తెరుచుకోలేదు. పెద్ద బ్యాటరీ నిండుగానే ఉంది, తలుపుల్నీ లైట్లనీ చూసుకునే చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. పెదకాకానిలో పూజ చేయించిన ఒకాయన, చప్పుడు లేదు కదా అని స్టార్టవలేదనుకుని గట్టిగా తొక్కితే, చక్రాల కింద నిమ్మకాయలతో పాటు ఎదురుగా ఉన్న కొబ్బరికాయల బుట్ట కూడా నలిగింది. అదీ నాకే ఫోను చేసి చెప్పాడు, తప్పంతా కారుదే అన్నట్టు.

ఇన్నిటికీ జవాబులు చెప్పీ చెప్పీ, నాకు తెలియనిది లేదన్న భ్రమ ఒకటి నాలో బలిసింది. ఫోను పెట్టేశాక పక్క సీట్లవాళ్ళ వైపు చూసి నవ్వేవాణ్ణి. వాళ్ళూ నవ్వేవాళ్ళు. ఒక్కరే నవ్వేవారు కాదు.

ఆయన మా ఎలక్ట్రీషియన్. నాకంటే రెండేళ్ళు పెద్ద. అందరం భాయ్ అనే పిలిచేవాళ్ళం. మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో పెద్ద మోటార్ల దగ్గర పని నేర్చుకున్న మనిషి, మాట తక్కువ. ఎవరింట్లో ఛార్జరు బిగించాలన్నా ముందు ఎర్త్ గురించి అడిగేవారు. మన పాత ఇళ్ళలో వాకిట్లోనో పెరట్లోనో గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ వేసి, ఇనప గొట్టం పూడుస్తారు కదా, అదీ ఎర్త్ అంటే. ఎక్కడైనా కరెంటు లీకయితే మన ఒంట్లోంచి కాకుండా ఆ గొట్టంలోంచి భూమిలోకి పోవాలి. అందుకు ఆ గొయ్యి తడిగా ఉండాలి, ఎండిపోతే ఉన్నా లేనట్టే. ఛార్జరు కూడా ప్లగ్గు పెట్టగానే ముందు ఎర్త్ ఉందో లేదో చూసుకుంటుంది. లేదంటే ఎర్ర లైటు వేసి కూర్చుంటుంది. ఇదంతా భాయ్ నాకు పదిసార్లు చెప్పి ఉంటారు. నేను పదిసార్లూ తలూపాను.

ఇక అసలు సంగతి. అద్దంకి వైపు ఒక ఊరి హైస్కూలు టీచరు ఒకావిడ శ్రావణమాసంలో మా దగ్గర కారు తీసుకున్నారు. ఉండేది ఒక ఊరు, పనిచేసే బడి ఇంకో మండలంలో. బస్సు కోసం రోజూ రోడ్డు మీద గంటన్నర నిలబడలేక కొన్నారు. ఇంట్లో ఆవిడ, మిర్చి సాగు చేసే భర్త, డెబ్బై దాటిన అత్తగారు. ఛార్జరు ఆ ఊరి వైర్‌మ్యానే బిగించాడు. బోర్ల మోటార్లు, ఇళ్ళ వైరింగులు చూసుకునే మనిషి, నలభై పైబడినవాడు. ఆరేడు నెలలు కారు చక్కగా నడిచింది. ఎప్పుడైనా అనుమానం వస్తే టీచరు గారు ఫోను చేసేవారు. సగం జవాబు చెప్తే మిగతా సగం కూడా అడిగే మనిషి. అలాంటివాళ్ళంటే నాకు ఇష్టమే.

మార్చి మొదట్లో ఇంట్లో ఛార్జింగు ఎక్కడం మానేసింది. ఎర్ర లైటు. హైవే మీది ఛార్జింగు స్టేషన్లో ఎక్కించుకుని గుంటూరు తెచ్చారు. మా దగ్గర పెడితే శుభ్రంగా ఎక్కింది. కారులో ఏమీ లేదని పంపేశాను. రెండు రోజులకి మళ్ళీ అదే గొడవ. ఈసారి ఛార్జరు, కేబులు మార్చి పంపాను. ఒక వారం ఎక్కీ ఎక్కక ఎక్కి, మళ్ళీ ఎర్ర లైటు. అప్పటికైనా కారునీ కేబుల్నీ వదిలేసి ఇంటికి వెళ్ళి చూడాలని నాకు తట్టాలి. ఇల్లు చూడటం నా పని కాదనుకున్నాను.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఆవిడ ఫోను. మర్నాడు పొద్దున్నే పదో తరగతి పరీక్షల డ్యూటీ. కారులో ఆరు శాతం ఉంది, హైవే దాకా కూడా రాదు. భర్త పంట కోతల హడావుడిలో ఉన్నారు, ఆ వేళకి బస్సు లేదు. పరీక్ష డ్యూటీకి ఆలస్యమైతే ఊరుకోరు, సంజాయిషీ రాయించుకుంటారు. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. వైర్‌మ్యాన్ కూడా అక్కడే ఉన్నాడన్నారు.

భాయ్‌కి ఫోను చేయాల్సిన సమయం అది. రంజాన్ నెల. ఆయన ఉపవాసం విడిచే వేళ దగ్గర పడింది, ఇప్పుడెందుకు ఇబ్బంది పెట్టడం అనుకున్నాను. అది మర్యాదేనని నాకు నేను చెప్పుకున్నాను కూడా. నిజం చెప్పాలంటే, ఆమాత్రం నాకు తెలియదా అన్న పొగరు. ఎర్త్ లేకపోయినా ఛార్జరుని ఒప్పించే ఉపాయం ఒకటి ఎవరో మెకానిక్కులు చెప్పుకుంటుంటే విని ఉన్నాను. సాకెట్ లోపల న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చిన్న వైరు ముక్క కలిపితే, ఎర్త్ ఉందనుకుని ఛార్జరు మోసపోతుంది. వైర్‌మ్యాన్‌కి ఫోను ఇమ్మని అదే చెప్పాను.

అతను అడిగాడు. "అట్టా కలపొచ్చా సార్?"

"నేను చెప్తున్నాగా. ఒక్క రాత్రికే. రేపు మా భాయ్‌ని పంపిస్తా" అన్నాను.

పావుగంటకల్లా పచ్చ లైటు వచ్చింది. మర్నాడు టీచరు గారు బడి నుంచి ఫోను చేసి, మీ మేలు మర్చిపోనండీ అన్నారు. ఆ మాట నలుగురికీ చెప్పుకున్నాను, భాయ్‌కి తప్ప. ఆయన్ని పంపిస్తానన్న సంగతి మాత్రం శుభ్రంగా మర్చిపోయాను. పని జరిగిపోతోంది కదా, ఆవిడా అడగలేదు. ఒక్క రాత్రికని పెట్టిన వైరు ముక్క పదకొండు రోజులు ఆ సాకెట్‌లోనే ఉంది.

అదెంత ప్రమాదమో ఇక్కడే చెప్తాను, ఎవరూ నాలా చేయకుండా. కరెంటు ఇంట్లోకి రెండు తీగల మీద నడుస్తుంది. ఒకటి తెచ్చేది, ఒకటి తిరిగి తీసుకెళ్ళేది. తీసుకెళ్ళేదే న్యూట్రల్. స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడిపోతే ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు ఆగిపోతాయి. కరెంటు పోయిందనుకుంటాం. కానీ తెచ్చే తీగ తెస్తూనే ఉంటుంది. వచ్చిన కరెంటు ఫ్యానులోంచో ఫ్రిజ్‌లోంచో వెళ్ళి, పోయే దారి లేక న్యూట్రల్ తీగలోనే నిలబడిపోతుంది. నా వైరు ముక్క ఆ తీగని కారు ఒంటికి కలిపేసింది. కరెంటు లేదు కదా అని ధీమాగా వెళ్ళి కారు ముట్టుకున్నవాళ్ళ గతి ఏమిటో మీరే ఆలోచించండి.

పదకొండో రోజు ఆదివారం. టీచరు గారి భర్త పొలంలో ఉన్నారు. మధ్యాహ్నం వేళ ఉన్నట్టుండి గాలిదుమారం లేచిందట. వాకిట్లో అత్తగారు పచ్చళ్ళ కోసం మిరపకాయలు ఎండబెట్టారు. కారు పక్కనే ఛార్జింగులో ఉంది. ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. టీచరు గారు ప్లగ్గు తీసేద్దామని రబ్బరు చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చి, ముందు కారు తాళం తీయాలి కాబట్టి ఒక చేత్తో దాని తలుపు పిడి పట్టుకున్నారు. మోచేతి దాకా జివ్వుమని లాగి వదిలింది. అదే క్షణంలో పక్కింట్లో గ్రైండరు తిరుగుతున్న చప్పుడు చెవిన పడింది. అంటే కరెంటు ఊళ్ళో ఉంది, తమ ఇంట్లోనే లేదు. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు గానీ, ఏదో జరగకూడనిది జరుగుతోందని మాత్రం అర్థమైంది.

అత్తగారు మిరపకాయలు గాలికి ఎగిరిపోతున్నాయని ఒట్టి కాళ్ళతో పరుగెత్తుకొస్తున్నారు. చినుకులు కూడా మొదలయ్యాయి. చాప రెండు కొసలు ఒక చేత్తో పట్టుకుని, ఆసరాకి కారు మీద చెయ్యి వేయబోయారు. కోడలు ఆవిణ్ణి రెండు చేతులతో వెనక్కి లాగేశారు. ఇద్దరూ మిరపకాయల మీదే పడ్డారు. తర్వాత టీచరు గారు లోపలికి పరుగెత్తి మెయిన్ ఆపేశారు, ఫ్యూజులు కూడా పీకి కొంగులో కట్టుకున్నారు. అప్పుడు నాకు ఫోను చేశారు.

"సార్, కారు ముట్టుకుంటే షాక్ కొడుతోందండీ" అన్నారు. అంతే. నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది. ఎవరికైనా ఏమైనా అయిందా అని అడగబోయాను. ఎవరికీ ఏమీ కాలేదని ఆవిడే చెప్పారు. కారు దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి, వస్తున్నామని చెప్పి, భాయ్ ఇంటికి వెళ్ళాను. ఉపవాసంలో ఉన్న మనిషి మంచం మీద పడుకుని ఉన్నారు. నేను చేసింది చెప్పాను. ఆయన లేచి చొక్కా తొడుక్కుంటూ ఒకే మాట అన్నారు. "నాకో ఫోను కొడితే ఏం పోయేది సార్?"

ఇద్దరం వెంటనే బయల్దేరాం. చిలకలూరిపేట దాటాక వాన ఆగింది.

మేం వెళ్ళేసరికి టీచరు గారు కారుకి నాలుగడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, చేతిలో కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నారు. గంటన్నర నుంచి అలాగే కూర్చున్నారట, కోడీ కుక్కా కూడా దగ్గరికి రాకుండా. వైర్‌మ్యాన్‌ని ఎవరో పిలుచుకొచ్చారు. అరుగు కింద తల వంచుకుని నిలబడ్డాడు. అత్తగారు అతన్ని కడిగేస్తున్నారు.

"ఒరేయ్, నీకు పనొచ్చని గదరా పిలిచాం. నా కోడల్ని చంపుదామనుకున్నావంట్రా? ఏం వైరు కలిపావురా దాన్లో? ఇంకెప్పుడన్నా ఈ గడప తొక్కావంటే చూడు. నీ చేత పని చేయించుకోవద్దని ఊరంతా చెప్తా."

అతను ఒకసారి తలెత్తి నా వైపు చూశాడు. మళ్ళీ దించుకున్నాడు. నా పేరు చెప్పలేదు. రోజూ ఊళ్ళో పది ఇళ్ళ పని చేసుకుంటే గానీ గడవని మనిషి. టీచరు గారికి ఆ సాయంత్రం పచ్చ లైటు వచ్చిందనే తెలుసు, ఫోనులో నేనేం చెప్పానో వినలేదు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. అర నిమిషమే కావచ్చు. రిటైర్మెంటుకి అప్పటికి ఇంకా ఏడాది ఉంది. షోరూములో తెలిస్తే ఏమవుతుందో ఆ అర నిమిషంలో అంతా ఆలోచించాను. సిగ్గు పడుతూనే రాస్తున్నాను.

భాయ్ సాకెట్ విప్పి, లోపలి వైరు ముక్క తీసి, తెచ్చి నా అరచేతిలో పెట్టారు. రెండంగుళాలు కూడా లేదు.

"అమ్మా, అతన్నేం అనకండి" అన్నాను. "అలా కలపొచ్చా అని అతను అడిగాడు కూడా. నేనే కలపమన్నాను. ఒక్క రాత్రికన్నాను, మళ్ళీ పట్టించుకోలేదు. తప్పు నాది."

టీచరు గారు కర్ర కింద పెట్టి నా వైపు చూశారు. బడిలో పిల్లల్ని ఎలా చూస్తారో తెలియదు గానీ, ఆ చూపు ముందు నాకు యాభై ఏడేళ్ళ వయసు గుర్తు రాలేదు. అత్తగారు అరుగు మీద కూలబడ్డారు. ఆవిడే అన్నారు. "ముందు అసలు రోగమేంటో చూడండి సార్. తర్వాత మాట్లాడుకుందాం."

భాయ్ ఎర్త్ గొయ్యి ఎక్కడని అడిగారు. వైర్‌మ్యాన్ వాకిలంతా చూసి, గోడ వారనే ఉండాలి గానీ కనపడటం లేదన్నాడు. అప్పుడు అత్తగారు వేలు చూపించారు, సరిగ్గా కారు ముందు చక్రం పక్కకి. "అదుగో, ఆ గచ్చు కిందే. నేను అంట్లు తోముకునేదాన్నే ఆడ. కారొచ్చిందని చలికాలంలో వాకిలంతా గచ్చు చేయించాం. తోముడు దొడ్లోకి మార్చా."

అదీ సంగతి. ముప్పై ఏళ్ళుగా ఆవిడ పొద్దున్నే చల్లిన కళ్ళాపి నీళ్ళూ, అంట్లు తోమిన నీళ్ళూ ఇంకి ఇంకి ఆ గొయ్యిని తడిగా ఉంచాయి. ఇంటికి కొత్త కారు వచ్చిందని, దానికి మట్టి అంటకూడదని, ముచ్చటపడి వాకిలంతా సిమెంటు చేయించారు. కింద నేల చుక్క నీరు లేక ఎండింది. మార్చి ఎండలకి పూర్తిగా చచ్చిపోయింది. ఏ కారు కోసం అంత చేశారో ఆ కారుకే ఛార్జింగు ఎక్కలేదు. ఆ ఇంటి వాకిట్లోకి నేను ఒక్కసారి వచ్చి ఉంటే, ఆవిణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే చాలు. నేను గుంటూరులో కూర్చుని రెండుసార్లు కేబులు వంక చూశాను.

"కారు నిజమే చెప్పింది సార్" అన్నారు భాయ్. "ఎర్ర లైటేసి నెల్నుంచి మొత్తుకుంటానే ఉంది. మనమే దాని నోరు మూశాం."

ఉపవాసంలో ఉన్న మనిషిని గునపం ముట్టుకోనివ్వలేదు. నేనూ వైర్‌మ్యానూ గచ్చు పగలగొట్టాం. డీజిలు ఇంజన్లు దింపిన చేతులే గానీ, ఐదేళ్ళ ఫోను ఉద్యోగానికి మెత్తబడిపోయాయి, పావుగంటకే బొబ్బలెక్కాయి. పాత గొట్టం తుప్పు పట్టి ఉంది. కొత్తది దింపి, ఉప్పూ బొగ్గూ వేసి, నీళ్ళు పోశాం. ఆ నేల ఎన్ని బిందెలు తాగిందో. మళ్ళీ గచ్చు మూసేయకుండా, పైనుంచి నీళ్ళు పోయడానికి చోటు వదిలాం. ఈలోగా కరెంటు ఆఫీసు లైన్‌మ్యాన్ వచ్చి స్తంభం దగ్గర ఊడిన తీగ కలిపి వెళ్ళాడు. కరెంటు లీకయితే దానంతటదే ఆగిపోయే స్విచ్చి ఒకటి భాయ్ తనతో తెచ్చారు, అది కూడా బిగించారు. పొద్దు వాలింది. అత్తగారు లోపల్నుంచి రెండు అరటిపళ్ళు, చెంబుతో నీళ్ళు తెచ్చి భాయ్ ముందు పెట్టి, "నీ వేళయిందేమో చూసుకో నాయనా" అన్నారు. ఆయన కళ్ళకద్దుకుని తీసుకున్నారు.

ఆ రోజు తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం, కారు పంపే ముందు భాయ్‌తో కలిసి కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళి ఎర్త్ చూడకుండా ఒక్క డెలివరీ కూడా ఇవ్వనివ్వలేదు. జరిగింది మా మేనేజరుకి నేనే చెప్పాను. ఆయన తిట్టాల్సినంతా తిట్టి, అలా ఇళ్ళు చూసి రావడానికి ఒక బండి ఇచ్చారు. వైర్‌మ్యాన్‌కి ఆ వైపు పల్లెల్లో మా ఛార్జర్లు బిగించే పని భాయ్ ఇప్పించారు. మీరు ఫోను దగ్గర కూర్చునేవాళ్ళయితే, తెలియనిది తెలియదని చెప్పండి. ఎండాకాలంలో ఛార్జింగు ఎక్కడం లేదని ఎవరైనా అంటే, కారు కంటే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, ఈమధ్య వాకిట్లో ఏం మార్చారని. ఎర్త్ గోతిలో వారానికోసారి రెండు బిందెలు పోయమని చెప్పండి. ఎవరెంత బతిమాలినా ఆ ఎర్ర లైటుని మోసం చేసే దారి మాత్రం చెప్పకండి. నాకు ఆ ఇల్లు పెట్టిన భిక్ష ఇది. టీచరు గారు రబ్బరు చెప్పులు వేసుకుని రావడం, పక్కింటి గ్రైండరు చప్పుడు వినడం, అత్తగారిని లాగేయడం, వీటిలో ఒక్కటి తప్పినా నేను ఇవాళ ఇలా కూర్చుని రాసేవాణ్ణి కాదు. వాళ్ళకి నేను చేసిన మేలేదీ లేదు, మేలంతా వాళ్ళు నాకు చేసిందే.

ఆ సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. ఫ్యూజులు పెట్టారు. ప్లగ్గు పెట్టారు. పచ్చ లైటు వచ్చింది. భాయ్ మీటరు పెట్టి కారు ఒంటి మీద నాలుగు చోట్ల చూసి, అంతా బాగుందన్నారు. అయినా ఎవరూ కదల్లేదు. టీచరు గారు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డారు. మర్నాడు బడికి వెళ్ళాలి. ఆ పిడి మళ్ళీ పట్టుకోవాలి.

అత్తగారు నా దగ్గరికి వచ్చారు. కోపం లేదు గొంతులో. "ముందు నువ్వు ముట్టుకో నాయనా" అన్నారు.

చెప్పులు విడిచాను. మేం పోసిన నీళ్ళకి అక్కడంతా బురదగా ఉంది, అందులోనే నిలబడ్డాను. మీటరు చెప్పింది, భాయ్ చెప్పారు, ఏమీ కాదని నాకు తెలుసు. ఆ పదకొండు రోజులూ ఆ ఇంటివాళ్ళు ఏ కారు చుట్టూ తిరిగారో దాని తలుపు మీద అరచెయ్యి పూర్తిగా ఆనించి, అలాగే ఉంచాను. ఎవరో ఒకరు చాలు అనేదాకా తీయకూడదనుకున్నాను.

ఎవరూ అనలేదు. ముసలావిడే తానూ ఒట్టికాళ్ళతో బురదలోకి దిగి, నా పక్కన నిలబడి, తన చెయ్యి కూడా తలుపు మీద పెట్టారు. కాసేపు అలాగే ఉంచి, కోడలి వైపు తిరిగారు.

"రేపు దీన్లోనే వెళ్ళు అమ్మాయ్" అన్నారు.